పండ్లాయన బిడ్డ, పండ్ల చదువు

మా దిక్కు నోట్లో ఉండేవీ పండ్లే, బుట్టలో ఉండేవీ పండ్లే. నోట్లోవాటిని పళ్ళనీ దంతాలనీ వేరుచేసి పిలిచే తీరిక మాకు లేదు. తొర్రూరు బస్టాండు ముందు ఎవరినైనా ఆపి "పండ్ల డాక్టరు ఎక్కడుంటడు?" అని అడిగితే దవాఖాన దారి చూపిస్తారు. "పండ్లాయన ఎక్కడుంటడు?" అని అడిగితే మా నాయినను చూపిస్తారు. ఆయన బస్టాండు గేటు పక్కన తోపుడు బండి మీద పండ్లు అమ్ముతాడు. నేను పుట్టకముందు నుంచీ అక్కడే అమ్ముతున్నాడు.

అలాంటి మనిషి బిడ్డనైన నేను, ఇంటర్ చదువుతుండగా, పండ్ల డాక్టరునవుతానని నోరుజారాను. ఇంకేముంది, బస్టాండుకు కాలక్షేపం దొరికింది. బండి పక్కనే చాయ్ హోటల్ నడిపే అన్న అయితే రోజుకో మాట తయారుగా పెట్టుకునేవాడు.

"నాయినది అమ్ముడు, బిడ్డది పీకుడు" అనేవాడు. "మీ నాయిన దగ్గర పచ్చి జామకాయ కొరికి పన్ను ఇరిగినోడు మల్ల నీ దగ్గరికే వస్తడు. గిరాకి ఇల్లు దాటి పోదు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నీ చాయ్‌ల జర చక్కెర తగ్గియ్యి అన్నా, లేకుంటె ముందుగాల నీయే పీకుత" అనేదాన్ని. ఆయన తన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేవాడు. వాటిలో రెండు నిజంగానే పీకదగినవి.

నిజానికి నాకీ పిచ్చి పట్టింది ఆ బండి వెనకే. చిన్నప్పుడు బడి వదలగానే వచ్చి అక్కడి పొట్టి స్టూలు మీద కూర్చునేదాన్ని. ఆ ఎత్తు నుంచి చూస్తే కొనేవాళ్ళ చేతులు, గడ్డాలు, నోళ్ళు మాత్రమే కనబడేవి. నాయిన ముక్క కోసి రుచికి ఇస్తాడు కదా, వాళ్ళు ఏ దవడతో నములుతున్నారో చూస్తూ ఉండేదాన్ని. కొందరు పుచ్చకాయ ముక్క నోట్లో పెట్టుకోగానే కళ్ళు గట్టిగా మూసుకునేవారు. కొందరు జామకాయను ఆశగా చేతిలోకి తీసుకుని, ఒకసారి చెంప తడుముకుని, అరటిపండ్లు కొనుక్కుని వెళ్ళిపోయేవారు. కొందరు ఆడవాళ్ళు నవ్వొచ్చినప్పుడల్లా కొంగు అడ్డం పెట్టుకునేవారు. ఆ కొంగు వెనక ఏముందో చూడాలని నాకు ఒకటే ఆరాటం. ఏదీ, ఒకసారి నోరు తెరువు అని అడిగితే మా అమ్మ వీపు మీద ఒకటి వేస్తుంది కాబట్టి ఊరుకునేదాన్ని. డాక్టరయితే అడగవచ్చు, ఎవరూ కొట్టరు.

నేను కోరుకున్న చదువుకు లోకంలో మర్యాద లేదని తర్వాత తెలిసింది. ఎంబీబీఎస్‌కూ బీడీఎస్‌కూ పరీక్ష ఒక్కటే, నీట్. మార్కులు దండిగా వచ్చినవాళ్ళు ఎంబీబీఎస్‌కు పోతారు, అది అందనివాళ్ళు పండ్లతో సరిపెట్టుకుంటారు. మొదటిసారి మహబూబాబాద్‌లో రాశాను, ఏ సీటూ రాలేదు. రెండోసారి కోసం హన్మకొండలో హాస్టల్ ఉన్న కోచింగులో చేరాను. అక్కడ ఒక సారు అందరినీ వరసగా లేపి ఏమవుతారని అడిగాడు. ఒకరు గుండె అన్నారు, ఒకరు మెదడు అన్నారు. నా వంతు వచ్చినప్పుడు డెంటల్ అన్నాను.

"అది కోరుకునేది కాదమ్మా, మిగిలేది" అన్నాడాయన. క్లాసంతా నవ్వింది. ఒళ్ళు మండిపోయింది గానీ పంటి బిగువున కూర్చున్నాను.

ఆ పరీక్ష సంగతి కూడా చెప్పాలి. పండ్ల చదువుకు పోవాలంటే విసిరిన బంతి ఎంత ఎత్తుకు ఎగిరి ఎక్కడ పడుతుందో చెప్పాలి. పీకిన పన్ను ఎంత దూరం పోయి పడుతుందో లెక్కగట్టడానికేమో మరి. పోనీ జీవశాస్త్రంలోనైనా మన పళ్ళ గురించి ఉంటుందా అంటే, ఉన్నది జీర్ణక్రియ పాఠంలో కాస్త. నేను దాన్ని అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టాక ఆ పాఠాన్ని సిలబస్ నుంచి తీసేశారు. పండ్ల డాక్టర్లను ఎంచే పరీక్షలో పండ్లు లేకుండా పోయాయి. దీని మీద ఎవరితో పోట్లాడాలో తెలియక ఆ కోపమంతా ఫిజిక్స్ మీద చూపించాను, అది నన్ను లెక్కచేయలేదు.

దసరాకు ఇంటికి వచ్చినప్పుడు టైఫాయిడ్ పట్టుకుంది. తగ్గాక హాస్టలుకు పోనని మొండికేశాను. "ఇంట్ల కూసుంటె సదువుతవా?" అంది అమ్మ. "చూడు మరి" అన్నాను. బస్టాండు వెనక వీధిలోని మా ఇంట్లో ఉన్నవి రెండు గదులు. వెనక గదిలో నాయిన గడ్డి పరిచి కాయలు మాగబెడతాడు. అదే నాకు చదువుకునే గది అయింది. ఒక గోడకు అరటి గెలలు, ఇంకో గోడకు సపోటా బుట్టలు, మధ్యలో చాప మీద నేను. ఇప్పటికీ మాగిన సపోటా వాసన తగిలితే నాకు ఆర్గానిక్ కెమిస్ట్రీ గుర్తొస్తుంది. లాంగ్ టర్మ్ కోచింగ్ అంటే నరకమని నా తోటివాళ్ళంతా అంటారు. నేను మాత్రం ఆ గదిలో సుఖపడ్డాను. అక్కడ నువ్వేమవుతావని ఎవరూ లేపి అడగలేదు, ఆకలేస్తే చెయ్యి చాపితే చాలు.

సాయంత్రాలు పుస్తకం పట్టుకుని బండి దగ్గరికి పోయేదాన్ని. వృక్షశాస్త్రం అక్కడ భలే ఎక్కేది. ఒకరోజు నా చదువు చూపించుకోవాలని నాయినకు చెప్పాను, యాపిల్ అసలు పండే కాదట, పువ్వు అడుగు భాగం ఉబ్బి అట్లా అవుతుందట, దాన్ని అబద్ధపు పండు అంటారట అని. అప్పుడే ఒకావిడ యాపిళ్ళు ఏరుకుంటోంది.

"సప్పుడు చెయ్యకు" అన్నాడు నాయిన నెమ్మదిగా. "గిరాకి ఇంటది."

ఆవిడ విననే విన్నది. చేతిలో ఉన్నవి పెట్టేసి బత్తాయిలు తీసుకుంది. "నీ సదువు నా యాపారం మీదికి తెచ్చినవు గదనే" అని నాయిన నవ్వుతూనే అన్నాడు. ఆ ఏడాదంతా మా ఇంట్లో ఏ పనికిమాలిన విషయం వచ్చినా దానికి అబద్ధపు పండు అని పేరు పెట్టుకున్నాం.

రెండోసారి పరీక్ష భూపాలపల్లిలో పడింది. అమ్మమ్మ ఊరు కాటారం దగ్గర కాబట్టి సెంటరు కోరుకునేటప్పుడు అది కూడా పెట్టుకున్నాం. ముందురోజే అమ్మా నేనూ అమ్మమ్మ ఇంటికి చేరాం. కాళ్ళు కడుక్కోగానే అమ్మమ్మ నన్ను పెరట్లోకి తీసుకుపోయి మామిడి చెట్టు కింద నిలబెట్టింది. కాయల మీద నల్ల మచ్చలు.

"గివ్వి ఎందుకు గిట్లయితున్నయో జూడు బిడ్డా" అంది. "ఏం మందు కొట్టాలె?"

నాకు అర్థం కాలేదు. ఈలోగా పక్కింటామె నిమ్మకొమ్మ ఒకటి విరుచుకుని వచ్చేసింది, దాని ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. "మీ మనుమరాలేనా?" అని అడుగుతూ నా చేతిలో పెట్టింది. అప్పుడు వెలిగింది నాకు. మనుమరాలు పండ్ల డాక్టరు చదువుతున్నదని అమ్మమ్మ ఏడాది నుంచీ వాడంతా చాటింది. చెట్లకు రోగాలొస్తే చూసే డాక్టరు అన్నమాట.

"మీ నాయిన అమ్ముతడు, నువ్వు మందు కొడుతవు. మంచిగ కలిసొచ్చింది" అని అమ్మమ్మ సంబరపడుతోంది.

నేను నోరు తెరిచి, పళ్ళ మీద వేలితో కొట్టి చూపించాను. "ఆ పండ్లు కాదు అమ్మమ్మా, గీ పండ్లు."

అమ్మమ్మ నా నోట్లోకి చూసింది. ఆమెకు ముందువైపు మిగిలినవి మూడే. "గివ్వా?" అంది. "గివ్వి ఎట్లయిన ఊడిపోయేటియే గదనే. దీనికి డాక్టరెందుకు?"

అమ్మ పెరటి మెట్టు మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. నిమ్మకొమ్మ తెచ్చినామె మాత్రం చిన్నబుచ్చుకుంది. ఎట్లాగూ వచ్చింది కదా అని నేను చదివిన నాలుగు ముక్కలూ చెప్పి, వేపనూనె కొట్టి చూడమన్నాను. ఆమె తృప్తిగా పోయింది. పరీక్ష ముందురోజు నాలా అంత నవ్వినవాళ్ళను ఇంకెవరినీ నేను చూడలేదు. మర్నాడు పొద్దున్నే బస్సులో అడవి దాటి భూపాలపల్లిలో దిగుతుంటే కూడా నా గుండె మామూలుగానే కొట్టుకుంది. సెంటరు గేటు దగ్గర తనిఖీవాళ్ళు అమ్మమ్మ కట్టిన నల్లదారం తెంపేస్తే అమ్మ అలిగింది గానీ నేను కాదు. పరీక్ష నిదానంగా రాశాను. ఫిజిక్స్‌లో రానివి వదిలేశాను, వచ్చినవి తప్పు చేయలేదు.

ర్యాంకు వచ్చింది. ఎంబీబీఎస్ ఆమడ దూరంలో ఉంది, బీడీఎస్ చెయ్యి చాపితే అందేటట్టు ఉంది. నాకు కావలసింది అదే కాబట్టి ఇల్లంతా ఎగిరాను. నాయిన బండి కడిగి వచ్చి, తువ్వాలతో చేతులు తుడుచుకుని, నా ముందు కూర్చున్నాడు.

"ఇంకొక్క యేడు సదువు బిడ్డా" అన్నాడు. "పెద్ద డాక్టరువే అయితవు. గీ పండ్లది మనకొద్దు."

నా చెవులను నేను నమ్మలేదు. రెండేళ్ళు బస్టాండులో అంతమంది నన్ను ఆటపట్టిస్తుంటే పక్కన నవ్వుతూ నిలబడ్డ మనిషి ఆయన. ఏమో, నేను ఊరికే అంటున్నానని, చివరికి ఎంబీబీఎస్‌కే పోతానని అనుకున్నాడేమో. ఎందుకు వద్దని అడిగితే వద్దంటే వద్దు అన్నాడు. నేను కేకలు వేశాను, అన్నం మానేశాను, ఆయనతో మాటలు మానేశాను. మూడో ఏడు నా వల్ల కాదు, అది నాకు ఖాయంగా తెలుసు. ఈ సీటు పోతే ఏదో ఒక డిగ్రీలో చేరిపోతాను, ఇక ఎవరి నోరూ తెరిపించను. పోనీ ఆయనకు తెలియకుండా కాలేజీల ఆప్షన్లు పెట్టేద్దామా అంటే, చివర్లో ఫోనుకు ఒక నంబరు వస్తుంది, అది కొడితే తప్ప ఆప్షన్లు ఖరారు కావు. దరఖాస్తులో ఇచ్చింది నాయిన ఫోను. అది ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది.

అసలు కారణం అమ్మ పోరగా పోరగా బయటికి వచ్చింది. బండి దగ్గర గిరాకి లేని సమయం, ఆయన ద్రాక్షపండ్ల మీద నీళ్ళు చల్లుతున్నాడు.

"నన్ను పండ్లాయన అంటరు" అన్నాడు నావైపు చూడకుండా. "మీ అమ్మను పండ్లమ్మ అంటరు. ఇన్నేండ్లాయె గీ బస్టాండ్ల ఉండవట్టి, నా పేరేందో ఎవ్వలకన్న ఎర్కనా? అడుగు పో. నువ్వయిన గా పండ్ల మాటల నుంచి బయట వడుతవనుకున్న. మల్ల నిన్ను గూడ పండ్ల డాక్టరమ్మ అనాల్నా? నా బిడ్డను ఉత్త డాక్టరమ్మ అనాలె."

ఆయన మీద జాలేసింది, కోపమూ తగ్గలేదు. ఒక్క మాట కోసం నా బతుకంతా ఆగిపోవాలా అనిపించింది, ఆ మాట ఆయన్ను ఇన్నేళ్ళుగా కొరుకుతోందని నాకు తెలియకపోవడం ఏమిటనీ అనిపించింది. అక్కడి నుంచి లేచి ఇంటికి వచ్చేశాను.

ఆప్షన్లకు ఆఖరు రోజు వచ్చింది. ఆ పొద్దున నాయిన బండి అమ్మకు అప్పజెప్పి, జనగామల పనున్నది అని ఒక్క ముక్క చెప్పి బస్సెక్కాడు. ఫోను ఆయనతోపాటే పోయింది. మధ్యాహ్నం నుంచి నేను చేస్తూనే ఉన్నాను, మోగుతోంది, ఎత్తడు. కావాలనే పోయాడు, గడువు దాటాక వస్తాడు అనుకున్నాను. సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి నేను ఉడికిపోతున్నాను.

"ఫోనెందుకెత్తవు?" అన్నాను.

పలకలేదు. మొహం ఒక పక్క ఉబ్బి ఉంది. కోపంతో ఉబ్బిందనుకున్నాను.

"ఇంక టైమున్నది. ఫోనియ్యి నాయినా."

ఆయన చూపుడువేలు పెదాల మీద పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. నాకు నెత్తికెక్కింది. నోరు మూసుకోమంటున్నాడు!

"నోరు మూసుకోవాల్నా? నా సదువు గురించి నేను మాట్లాడొద్దా? ఇన్ని నెలలు గా గడ్డిల కూసొని సదివింది ఎవ్వల కోసం? నువ్వు మాట్లాడవు, నన్ను మాట్లాడనియ్యవు."

ఆయన రెండు చేతులూ ఊపాడు. మళ్ళీ వేలు నోటి మీదికే పోయింది. నేను ఇంకా గట్టిగా అరిచాను. ఏమేమి అన్నానో అన్నీ గుర్తులేవు, వీధిలోకి వినిపించిందని మాత్రం తెలుసు. ఎందుకంటే బండి దగ్గర ఎవరినో ఉంచి అమ్మ పరుగున వచ్చింది.

"ఏందే లొల్లి?" అంటూ లోపలికి వచ్చి, నాయిన మొహం చూసి ఆగిపోయింది. "నీ కండ్లకేమాయెనే? ఆ మనిషి నోట్లె దూది ఉన్నది."

నాయిన నోరు తెరిచాడు. కింది వరసలో కుడివైపు, చివరినుంచి రెండో దవడపన్ను లేదు. దాని చోట ఎర్రగా తడిసిన దూది. పండ్ల డాక్టరునవుతానని రెండేళ్ళు ఊరంతా చాటుకున్నదాన్ని, పన్ను పీకించుకుని వచ్చిన మనిషిని ఎదురుగా పెట్టుకుని పోల్చుకోలేకపోయాను.

అమ్మ గిన్నె పట్టుకుంటే దూది తీసేశాడు. దవడ కదిలిస్తూ నెమ్మదిగా మాట్లాడాడు. పన్ను చాలా రోజులుగా సలుపుతోందట. తొర్రూరులో పీకించుకుంటే పండ్లాయనకు పండ్ల నొప్పట అని బస్టాండు నవ్వుతుందని జనగామ పోయాడట. మాట్లాడొద్దు, ఉమ్మొద్దు, దూది గట్టిగా కరిచిపట్టు అని చెప్పారట.

"ఎంతసేపు పట్టమన్నరు?" అన్నాను.

"గది అడుగలె."

గంటసేపు పట్టుకుంటే చాలేదాన్ని ఆయన జనగామ నుంచి తొర్రూరు దాకా పట్టుకుని వచ్చాడు. కండక్టరుకు కూడా చేతి సైగతోనే టికెట్ అడిగాడట.

నేను సిగ్గుతో తల వంచుకుని ఉండగానే ఆయన జేబులోంచి ఫోను తీసి నా ముందు పెట్టాడు. "పెట్టు" అన్నాడు. "టైమయిపోతదేమో."

అమ్మ నా మొహం చూసింది, నేను అమ్మ మొహం చూశాను. అడగడానికి తీరిక లేదు. ఇంటి వెనకే ఉన్న నెట్ సెంటరుకు ముగ్గురం పరుగెత్తాం. నంబరు రాగానే నాయిన పట్టుబట్టి తానే చదివాడు. ఇంకా తిమ్మిరి పోని పెదవితో ఆయన ఆరు అన్నది నాకు ఏడులా వినిపించింది. తప్పు కొట్టాను, మళ్ళీ తెప్పించుకున్నాం. రెండోసారి అమ్మ ఫోను లాక్కుని చదివింది. ఆప్షన్లు ఖరారయ్యాయి. సీటు రెండో విడతలో వచ్చింది, ఇప్పుడు నేను మూడో సంవత్సరంలో ఉన్నాను.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక అమ్మ పెరుగన్నం మెత్తగా పిసికి నాయినకు ఇచ్చింది. ఆయన ఎడమ దవడతో నెమ్మదిగా తింటున్నాడు. అప్పుడు అడిగాను.

"పండ్లది వద్దంటివి గద. మల్ల ఎట్ల ఒప్పుకున్నవు?"

ఆయన ముద్ద మింగేదాకా ఆగాడు.

"గా దవాఖానల డాక్టరమ్మ చిన్న పొల్లనే. నీకంటె కొన్నేండ్లు పెద్దదుండొచ్చు. పోంగనే పేరు రాసుకొని కూసోమన్నరు. మస్తు మంది ఉన్నరు, నేను గోడ పొంటి బల్ల మీద కూసున్న. జరసేపటికి గా పొల్ల తలుపు తీసి నా పేరు పెట్టి పిలిచింది. పేరు ఎన్క గారు అన్నది."

"పిలిస్తె?"

"నేను లేవలె బిడ్డా. ఇంకెవ్వల్నో అనుకున్న. మల్ల పిలిచింది. ఎవ్వలా అని ఎన్కకు తిరిగి చూసిన." నాయిన గిన్నెలోకి చూస్తూ అన్నాడు, "ఎన్క గోడే ఉన్నది."

ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మా దిక్కు ఆడవాళ్ళు భర్త పేరు పలకరు, అమ్మ ఆయన్ను ఏమయ్యా అని తప్ప పిలిచింది లేదు. నేను నాయినా అంటాను. ఆయన్ను కన్న అవ్వ, నాయిన నేను పుట్టకముందే పోయారు. బస్టాండును ఎందుకు అనాలి, మా ఇంట్లో కూడా ఆయన పేరు పలికే మనిషి లేదు.

"నువ్వు గూడ గట్లనే పిలువాలె మల్ల అందర్ని" అన్నాడాయన.

"పిలుస్త నాయినా" అన్నాను.